దొరసాని సెట్టులో తగ్గిన ముప్ఫై ఏడు

పింగాణీ పళ్ళెం చేతికొస్తే నేను చేసే పరీక్షలు ఏడు. ఒకటి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని వెనక వేళ్ళు కదిలించడం. వేళ్ళ నీడ కనిపించాలి. రెండు, అంచుమీద గోటితో కొట్టి వినడం. మోత కాసేపు సాగాలి. మూడు, అడుగున పూత లేని వలయం మీద సిరా చుక్క వేసి తుడవడం; మరక మిగలకూడదు. నాలుగు, పూతలో సాలెగూడు లాంటి సన్న గీతలున్నాయేమో భూతద్దంలో చూడడం, ఉండకూడదు. ఐదు, అడుగున ఆకుపచ్చ ముద్ర. అది తయారుచేసిన కార్ఖానాది, పూత కింద ఉంటుంది కాబట్టి గోరుకి తగలదు. ఆరు, ఎర్ర ముద్ర. అది రంగులు వేసినవాళ్ళది, పూత మీద ఉంటుంది, గోరుకి తగులుతుంది. ఏడు, బంగారు గీత. చేతులు పట్టుకునే చోట అది అరిగి ఉండాలి. అంతటా ఒకేలా మెరిస్తే ఈమధ్య ఎవరో దిద్దారన్నమాట.

ఇవి ఫ్రెంచి సామానుకి, అందులోనూ లిమోజ్ అనే ఊళ్ళో తయారైనదానికి నేను పెట్టుకున్న పరీక్షలు. సెరామిక్ టెక్నాలజీలో డిప్లొమా చదివేటప్పుడు మా మేష్టారు ఒకరోజు ఒక టీ కప్పు తెచ్చి కిటికీ దగ్గర పెట్టారు. కప్పు గోడలోంచి ఎండ కనిపించింది. మేం క్లాసులో చేసేవి డ్రైనేజి గొట్టాలూ ఊరగాయ జాడీలూ. ఆ కప్పూ మట్టేననీ, దాన్నీ కొలిమిలోనే కాల్చారనీ ఆయన చెబితే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయన వెళ్ళాక తిప్పి అడుగు చూశాను. అక్కణ్ణుంచి మొదలైంది.

యాభైల చివరలో గుంటూరు దగ్గర ఒక జాడీల కార్ఖానాలో నాకు ఉద్యోగం వచ్చింది. జాడీల్లో ఉప్పునీళ్ళు పోసి వారం ఉంచి, చెమ్మ దిగినవాటిని తీసిపారేయడం నా పని. మిరపకాయల సీమలో జాడీ కారితే ఏడాది పచ్చడి పోతుంది, కాబట్టి నాకు జీతమిచ్చేదే ప్రతి జాడీనీ అనుమానించమని. ఆదివారాలు పాత సామాన్ల కొట్లు తిరిగేవాణ్ణి. జమీందారీలు పోయాక దివాణాల సామాను, యానాం వైపునించి వచ్చిన సామాను, పొగాకు కొనే దొరలు వెళ్ళిపోతూ వదిలేసిన సామాను అక్కడికి చేరేవి. మంగళగిరిలో ఒక నేతగాళ్ళ ఇంట్లో కోడిపిల్లలకి నీళ్ళు పెట్టిన సాసరు దొరికింది. ఏడు పరీక్షలూ నెగ్గింది. పొదిలి దగ్గర ఒక రైతు ఇంట్లో సూపు వడ్డించే మూతగిన్నెలో కళ్ళుప్పు పోసుకున్నారు. ఎన్నేళ్ళుగా పోశారో గానీ అడుగున చెమ్మ మరక లేదు. అది చూసే అసలైనదని తేల్చాను. ప్రతిదానికీ నోటుబుక్కులో ఒక పేజీ. రెండేళ్ళలో నా గదిలో యాభై మూడు ముక్కలు చేరాయి. ఏ రెండూ ఒక సెట్టువి కావు.

ఒకే సెట్టు సామాను ఒకేచోట నేను మొదటిసారి చూసింది మా మేనమామ కొన్న బంగళాలో.

మామయ్యకి చీరాల దగ్గర పత్తి జిన్నింగు మిల్లు ఉంది. మిల్లుకి మైలు దూరంలో పొగాకు కొనే ఇంగ్లీషు దొర ఒకాయన పద్నాలుగేళ్ళు కాపురమున్నాడు. ఆయన భార్య ఫ్రెంచావిడ. వాళ్ళు దేశం వదిలి వెళ్తుంటే మామయ్య బంగళా కొన్నాడు, లోపలి సామానుతో సహా. దస్తావేజుతో పాటు దొర చాలా ఏళ్ళ కిందట ఆఫీసులో టైపు చేయించిన సామాన్ల జాబితా ఒకటి చేతికొచ్చింది. ఆ జాబితాలో భోజనాల గది కింద ఇలా ఉంది: ఫ్రెంచి పింగాణీ సెట్టు, పన్నెండుమందికి, నూట రెండు ముక్కలు. బీరువా తెరిచి లెక్కపెడితే అరవై ఐదు ఉన్నాయి.

మామయ్య నాకు కబురు పెట్టాడు.

"ఏరా అల్లుడూ, నువ్వు చదివిందానికి ఇన్నాళ్ళకి ఒక పని తగిలింది," అన్నాడు. "ముప్ఫై ఏడు తగ్గాయి. ఎక్కడున్నాయో నాకు తెలుసు. అవునో కాదో నువ్వు చెప్పాలి."

"ఎక్కడున్నాయి?"

"వాడరేవు రోడ్డులో, సాయిబు ఇంట్లో."

సాయిబు గారంటే దొర దగ్గర పద్నాలుగేళ్ళూ బట్లరుగా చేసిన ముసలాయన. దొర వెళ్ళాక పెళ్ళిళ్ళకీ విందులకీ పలావు వండుతూ బతుకుతున్నాడు. మామయ్య మిల్లులో పత్తి సీజను ముగిసిన రోజున నాలుగువందలమందికి పెట్టే విందు ఆయన చేతిమీదే జరిగేది. ఆ విందులో తిన్నవాళ్ళు తమ ఇళ్ళ శుభకార్యాలకి ఆయన్ని పిలిచేవారు. వంటవాడికి ఇల్లు అప్పగిస్తే ఇత్తడి గుండిగలూ వెండి గ్లాసులూ వాడి చేతుల్లో ఉంటాయి. అలాంటివాడిమీద దొంగ అనే మాట పడితే ఇంక ఏ గడపా తొక్కనివ్వరు. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలియదని ఇప్పుడు రాస్తే అబద్ధమవుతుంది.

ముందు బీరువాలోవి చూశాను. తెల్లటి ఒళ్ళు, మూడు నీలి పూలు, ఒక సన్న రెమ్మ, అంచున బంగారు గీత. అరవై ఐదూ ఏడు పరీక్షలు నెగ్గాయి. బంగారు గీత చేతులు పట్టుకునే చోట అరిగి ఉంది. జాబితా కూడా చూశాను. కొన్ని వరసల పక్కన పెన్సిలుతో చిన్న చిన్న ఇంటూ గుర్తులున్నాయి. సామాను సర్దేటప్పుడు పెట్టుకున్న గుర్తులనుకుని, నోటుబుక్కులో 'పెన్సిలు గుర్తులు, ప్యాకింగు' అని రాసుకున్నాను. జాబితాతో బీరువాని పోల్చి తగ్గినవాటి లెక్క తీశాను. పెద్ద పళ్ళేలు పద్నాలుగు, సూపు పళ్ళేలు తొమ్మిది, సాసర్లు ఎనిమిది, కప్పులు నాలుగు, మూతగిన్నె మూత ఒకటి, పులుసు వంపుకునే పడవ గిన్నె ఒకటి.

మా అత్తయ్య వాకిట్లో నిలబడి ఇదంతా చూస్తోంది. బంగళాలోకి రమ్మంటే రాలేదు.

"ఆ పళ్ళేల్లో ఆవు మాంసం తిన్నారు," అంది. "అవి మన వంటింట్లోకి రావు, మనవాళ్ళెవరూ వాటిల్లో తినరు. తగ్గితే తగ్గాయి. ఆ మిగిలినవి కూడా ఆయనకే ఇచ్చెయ్యకూడదూ?"

"ఇస్తే ఇచ్చినట్టుండాలి," అన్నాడు మామయ్య. "తీసుకుంటే ఊరుకుంటామా?"

మర్నాడు పొద్దున సైకిలేసుకుని వాడరేవు రోడ్డుకి వెళ్ళాను. మామయ్య పంపాడని చెప్పకూడదనుకున్నాను. పాత పింగాణీ సేకరిస్తానని చెబుదామనుకున్నాను. అందులో అబద్ధం లేదు కాబట్టి నాకు ధైర్యంగానే ఉంది.

రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో గోడకి, తల ఎత్తితేగానీ కనిపించనంత ఎత్తున, పొడుగాటి చెక్క బల్ల. దానిమీద పళ్ళేలు గోడకి ఆనించి వరసగా నిలబెట్టి ఉన్నాయి. మూడు నీలి పూలు, ఒక రెమ్మ. గుమ్మంలోంచే గుర్తుపట్టాను.

సాయిబు గారు మాసిన గళ్ళ లుంగీ మీద ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, మంచం పట్టెమీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. లేచి నాకు స్టూలు వేశాడు. నేను అనుకున్న మాటలు అనుకున్న వరసలో చెప్పాను. ఆయన ఉల్లిపాయ కింద పెట్టలేదు.

"కొంటానని వచ్చారా బాబూ, చూస్తానని వచ్చారా, చూసిరమ్మంటే వచ్చారా?"

"చూద్దామనే, సాయిబు గారూ. నాకు వీటిమీద ఆసక్తి."

"చూడండి. కళ్ళతో చూడండి."

"ఒకటి కిందికి దించితే..."

"దించను. ఊరికే దించితే పాడవుతాయి."

లోపలి గది తడక వెనకనించి ఆయన భార్య అంది: "ఆ అబ్బాయిని నేనెరుగుదును. మిల్లు వాళ్ళ మేనల్లుడు. టీ పెట్టమంటావా, వద్దా?"

"పెట్టు. వచ్చినవాడికి టీ ఇవ్వకుండా ఎలా పంపుతాం?"

దొరికిపోయాను. అయినా లేవలేదు. టీ వచ్చేలోపు లెక్కపెట్టాను. ఎదురుగా రాయడం బాగుండదని మనసులో పెట్టుకుని, బయటికొచ్చి సైకిలు సీటుమీద నోటుబుక్కు పెట్టి రాశాను. పెద్ద పళ్ళేలు పదమూడు, సూపు పళ్ళేలు తొమ్మిది, సాసర్లు ఏడు, కప్పులు మూడు, మూత ఒకటి, పడవ గిన్నె ఒకటి. మొత్తం ముప్ఫై నాలుగు. కింద ఇంకో వరస రాశాను: 'పంతొమ్మిదింటి మీద సన్న గీతలు కనిపించాయి. దూరం నించి చూసింది.'

ముప్ఫై ఏడు తగ్గితే ఒకే ఇంట్లో ముప్ఫై నాలుగు. అందులోనూ ఏ రకానివి తగ్గాయో ఆ రకానివే. నాకు ఇంకేం కావాలి? పడవ గిన్నెని ఎవరైనా కొట్లో విడిగా కొంటారా? ఆ సాయంత్రమే కాగితం మీద నీటుగా రాసి మామయ్యకి ఇచ్చాను. నమూనా ఒకటే, సెట్టు ఒకటే, తగ్గిన సంఖ్యతో దాదాపు సరిపోయింది. దొంగతనం అనే మాట నేను రాయలేదు. ఆ మాట రాయలేదు కదా అని ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను కూడా.

మామయ్య పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు. గుమాస్తాని పిలిచి, ఈసారి విందుకి గుంటూరు నించి వంటవాళ్ళని మాట్లాడమన్నాడు. ఎందుకని గుమాస్తా అడిగాడు. మామయ్య నా కాగితం చూపించాడు. అంతే.

మూడు వారాల తర్వాత నేను మళ్ళీ మిల్లుకి వెళ్ళేసరికి గుమాస్తా ఎదురొచ్చాడు.

"రండి రండి, గిన్నెల ఇంజనీరు గారూ. మీ కాగితం బాగా పనిచేసిందండీ, అడిగినవాళ్ళందరికీ చదివి వినిపించాను. సాయిబు నాలుగుసార్లు గేటు దాకా వచ్చాడు. అయ్యగారు ఊళ్ళో లేరని పంపించేశాను."

"ఉన్నాడుగా మామయ్య?"

"ఉన్నారు. మీరు రాశాక ఇంకేం మాట్లాడతారు ఆయనతో? అవతల వీధి పొగాకు వాళ్ళ పెళ్ళిక్కూడా మానిపించేశార్ట. మా ఆవిడ చెప్పింది."

ఆ రోజు గదికొచ్చి ఆ పేజీ మళ్ళీ తీశాను. జాలితో తీశానని చెప్పలేను. ఒక లెక్క ముగిసిందంటే ఇంకోసారి సరిచూసుకోవడం నాకు అలవాటు. 'పంతొమ్మిదింటి మీద సన్న గీతలు' అనే వరస దగ్గర ఆగిపోయాను. నాలుగో పరీక్ష ప్రకారం పూతలో గీతలు ఉండకూడదు. బీరువాలోని అరవై ఐదింట్లో ఒక్కదానిమీద కూడా లేవు. ఒకే కొలిమిలో ఒకే రోజు కాలిన సెట్టులో సగం పగుళ్ళు పట్టి సగం పట్టకుండా ఉండదు. గీతలు పట్టేది చవక మట్టి సామానుకి. అంటే సాయిబు ఇంట్లో ఉన్నది ఆ సెట్టు కాదా? ఎవరో నకలు చేయించారా? అలాగైతే అసలు ముప్ఫై ఏడు ఏమయ్యాయి? అమ్ముకుని, వాటి బదులు నకళ్ళు గోడకి పెట్టాడా? నా అనుమానం ఆయన్ని వదల్లేదు, ఇంకో వైపునించి పట్టుకుంది. కానీ ఒక్క విషయం మాత్రం స్పష్టంగా తెలిసింది. ఏడు పరీక్షలు పెట్టుకున్నవాణ్ణి, ఒక్క పరీక్షా చేయకుండా కాగితం మీద సంతకం పెట్టాను.

మర్నాడు ఆదివారం. మళ్ళీ వాడరేవు రోడ్డుకి వెళ్ళాను. ఎండుచేపల వాసన గాలిలో నిలబడి ఉంది. సాయిబు గారు వాకిట్లో ఉన్నాడు. పెద్ద డేగిశాలు రెండు బోర్లించి ఉన్నాయి, వాటిమీద దుమ్ము. స్టూలు వెయ్యలేదు.

"మామయ్య పంపితేనే మొన్న వచ్చాను," అన్నాను. "ఇవాళ ఎవరూ పంపలేదు. ఆ సామాను మీ దగ్గరికి ఎలా వచ్చింది, సాయిబు గారూ?"

ఆయన డేగిశా మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"ఈ ముక్క అడగడానికి మీకు మూడు వారాలు పట్టింది బాబూ. మీ మామయ్య ఇంకా అడగలేదు. నేను గేటు దగ్గర నిలబడింది అడిగించుకోడానికే."

లోపలికి వెళ్ళి, స్టూలు ఎక్కి, బల్లమీదనించి ఒక పెద్ద పళ్ళెం రెండు చేతులతో దించాడు. చంటిపిల్లని పట్టుకున్నట్టు అడుగున అరచెయ్యి పెట్టి తెచ్చి మంచంమీద దుప్పటి పరిచి బోర్లించాడు.

వెనకవైపు ఆ చివరనించి ఈ చివరదాకా పళ్ళెం పగిలి ఉంది. పగులుకి అడ్డంగా, అంగుళానికొకటి చొప్పున, సన్నటి ఇత్తడి తీగ కుట్లు. బట్టకి వేసినంత వరసగా ఉన్నాయి. లెక్కపెట్టాను, పదకొండు. ఒక్క కుట్టు కూడా ముందువైపుకి దిగలేదు. ముందునించి చూస్తే వెంట్రుక మందాన ఒక గీత, అంతే. నేను దూరంనించి చూసి రాసుకున్న గీతలు ఇవే.

"మద్రాసు నించి ఏడాదికోసారి ఒకతను వచ్చేవాడు," అన్నాడు సాయిబు గారు. "విల్లులాంటి బరమా ఉండేది. సగం మందమే తొలిచేవాడు. అవతలికి దిగితే పళ్ళెం పోయినట్టే. కోడిగుడ్డు సొనలో సున్నం కలిపి పూసేవాడు. నేను పక్కన కూర్చుని పట్టుకునేవాణ్ణి."

"అన్నీ ఇంతేనా?"

"దించుకోండి. ఇప్పుడు మీరే దించండి. అడిగారుగా."

ఒక్కొక్కటే దించాను. ప్రతిదాన్నీ బోర్లించి ఆకుపచ్చ ముద్ర చూశాను, ఎర్ర ముద్ర చూశాను, కుట్లు లెక్కపెట్టాను. అసలైన లిమోజ్ సామాను, ఆ సెట్టులోదే. ముప్ఫై నాలుగింట్లో కుట్టు లేనిది ఒక్కటీ లేదు. పడవ గిన్నెకి పిడి దగ్గర నాలుగు. మూతకి ఆరు. ఒక సాసరుకి పద్నాలుగు కుట్లు. సాసరు కంటే తీగే ఎక్కువుంది.

"పగిలినవి ఎందుకు దాచారు?"

ఆయన మంచం చివర కూర్చున్నాడు.

"దొరల ఇళ్ళల్లో ఒక పద్ధతుంది బాబూ. ఏదన్నా పగిలితే ముక్కలన్నీ ట్రేలో పెట్టుకెళ్ళి అమ్మగారికి చూపించాలి. చూపిస్తే పగిలినట్టు. చూపించకపోతే తీసినట్టు. వాళ్ళు వచ్చిన మొదటి నెలలోనే, నాకు ముందున్న బట్లరు చేతిలో వేరే సెట్టు కప్పు ఒకటి పగిలింది. అతను చెప్పేలోపే ఊడ్చే మనిషి ముక్కలు ఎత్తి పారబోసింది. దొరసాని ముక్కలేవి అంది. లేవు. ఆ సాయంత్రమే అతను వెళ్ళిపోవలసొచ్చింది. నేను ఆ మర్నాడు చేరాను."

"మీరు ప్రతిదీ చూపించారా?"

"ప్రతిదీ. ఆవిడ చూసేది, కాగితం మీద ఒక గుర్తు పెట్టేది, పారెయ్ అనేది. కుట్టినవి బల్లమీద పెడితే వాళ్ళకి నామర్దా. నేను పారేయలేదు. ఇవాళ ఈవిడ చూసింది సరే, రేపు ఈవిడ ఉండదు, ఇంకెవడో వచ్చి ముక్కలేవి అంటాడు. అప్పుడు ఏం చూపించను?"

తడక వెనకనించి ఆయన భార్య అందుకుంది. "వచ్చినవాళ్ళు అడక్కపోతే నువ్వు చెప్పొచ్చుగా. నోరు లేదా? మొన్న ఈ అబ్బాయి వచ్చినప్పుడే దించి పడెయ్యమన్నాను."

"మొన్న ఆయన చూడ్డానికొచ్చాడే. అడగడానికి రాలేదు."

"ఆ పంతానికి పొయ్యిలో పిల్లి పడుకుంది."

నాకు అప్పుడు ఒక లెక్క మిగిలిపోయి ఉంది. అడగబుద్ధి కాలేదు, అయినా అడిగాను.

"తగ్గినవి ముప్ఫై ఏడు, సాయిబు గారూ. ఇక్కడ ముప్ఫై నాలుగే ఉన్నాయి."

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మంచం కిందనించి ఒక చిన్న గోనె సంచీ లాగి దుప్పటి మీద మెల్లగా ఒంపాడు. చిన్న చిన్న పెంకులు, నీలి పూల ముక్కలు. పది నిమిషాలు కూర్చుని అంచులు కలిపి చూశాను. ఒక పెద్ద పళ్ళెం, ఒక సాసరు, ఒక కప్పు.

"ఇవి కుట్టడానికి లొంగలేదు," అన్నాడు.

నేరుగా మిల్లుకి వెళ్ళాను. మామయ్య ఆఫీసు గదిలో గుమాస్తాతో పత్తి బేళ్ళ సంగతి మాట్లాడుతున్నాడు. నేను చూసినదంతా వరసగా చెప్పాను. మామయ్య కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"మనం అడుగుతామని వాడే పగలగొట్టి కుట్టించుకుని ఉండొచ్చుగా?"

"ముప్ఫై నాలుగా, మామయ్యా? మూడు వారాల్లోనా? కుట్లు పాతవి, ఇత్తడి నల్లబడిపోయింది."

"దొర ఉన్నప్పుడే చేసుంటాడు. తెలివైనవాడు."

గుమాస్తా నవ్వాడు. "అయితే దొంగిలించడానికి ముందు పగలగొట్టి, కుట్టించి, అప్పుడు దొంగిలించాడంటారా అయ్యగారూ?"

"నువ్వూరుకో."

"దొరసాని కాగితం మీద గుర్తు పెట్టేదట," అన్నాను. "దొర జాబితా తీయించండి."

మామయ్య ఇనప్పెట్టెలోంచి దస్తావేజుల కట్ట తీశాడు. జాబితా విప్పి నేనే చూశాను. పెద్ద పళ్ళేలు అన్న వరస పక్కన పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తులు, లెక్కపెడితే పద్నాలుగు. సూపు పళ్ళేల పక్కన తొమ్మిది. సాసర్లకి ఎనిమిది, కప్పులకి నాలుగు, మూతకి ఒకటి, పడవ గిన్నెకి ఒకటి. కొన్ని చెరిగిపోయేంత పాతవి, కొన్ని కొత్తవి. ఒకే రోజు సర్దుతూ పెట్టినవైతే అన్నీ ఒకే నలుపులో ఉండేవి. మొదటి రోజే ఈ కాగితం నా చేతిలో ఉంది. నేను తగ్గినవాటి లెక్క తీసి పక్కన రాసుకున్న అంకెలూ, ఈ గుర్తులూ ఒకటే. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు.

మామయ్య రెండుసార్లు లెక్కపెట్టాడు. తర్వాత సొరుగులోంచి నేను రాసిన రిపోర్టు తీసి నాముందు పెట్టాడు.

"ఇది రాసింది నువ్వేగా?"

"నేనే."

"నేను అనుకున్నాన్రా. అనుకోవడం నా ఇష్టం. నువ్వు రాశావు."

ఆయన అనుమానం ఆయన ఇంట్లోనే ఉండేది. ఊళ్ళోకి తీసుకెళ్ళింది నా కాగితం. డిప్లొమా ఉన్నవాడు చూసి రాశాడంటే ఊరు నమ్మింది.

"ఇప్పుడు తప్పని కూడా రాస్తాను," అన్నాను. "గుమాస్తా గారు మొదటిది ఎవరెవరికి చదివి వినిపించారో వాళ్ళందరికీ ఇదీ వినిపించాలి."

"వినిపిస్తానండీ," అన్నాడు గుమాస్తా. "కానీ ఇది అంత రుచిగా ఉండదు. మొదటిది ఒక్క నిమిషంలో అయిపోయింది."

రాశాను. రెండున్నర పేజీలు వచ్చింది. ఆకుపచ్చ ముద్ర, ఎర్ర ముద్ర, కుట్ల సంఖ్య, పెన్సిలు గుర్తులు, సంచిలోని మూడు. గుమాస్తా చెప్పింది నిజమైంది. ఎవరూ చివరిదాకా వినలేదు. 'అయితే తియ్యలేదంటావా' అని అడిగి, అవునంటే 'ఏమో' అని వెళ్ళిపోయేవారు. పొగాకు వాళ్ళ పెళ్ళి వంట అప్పటికే వేరేవాళ్ళు చేసేశారు. మిల్లు విందుకి గుంటూరు వంటవాళ్ళకి మాట ఇచ్చేశారు కాబట్టి వాళ్ళే వచ్చారు. నేను ఆ విందుకి వెళ్ళలేదు.

కాగితం ఒక ప్రతి సాయిబు గారికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. అంతా విన్నాడు. "ముప్ఫై నాలుగింటికీ కుట్లు అని రాశారు. పద్నాలుగేళ్ళలో ముప్ఫై ఏడు పగలగొట్టానని ఊరందరికీ తెలిసిందన్నమాట," అన్నాడు. నేను ఏదో అనబోయాను. "ఫరవాలేదు. అందులో దొరసాని పిల్లి పగలగొట్టినవి ఆరు. అది రాయండి," అన్నాడు. రాశాను. ఆయన నవ్వాడో లేదో గడ్డం మాటున తెలియలేదు.

ఆ ఏడాది ఆయన్ని పిలిచిన ఇళ్ళు మూడు. అందులో ఒకటి మా అత్తయ్య పుట్టిల్లు. పిలిపించింది ఆవిడే, మామయ్యకి చెప్పకుండా.

తర్వాతి సీజను చివర మామయ్య గుమాస్తాని వాడరేవు రోడ్డుకి పంపాడు. తప్పయిందని చెప్పమనలేదు, విందుకి రమ్మని మాత్రం చెప్పమన్నాడు. సాయిబు గారు వస్తానన్నాడు. అయితే మేనల్లుడు బాబు కూడా రావాలి, నోటుబుక్కుతో రావాలి అన్నాడట. నేను సెలవు పెట్టి వెళ్ళాను.

తెల్లారేసరికి మిల్లు వెనక దూది నింపే షెడ్డు పక్కన పొయ్యిలు వెలిగించారు. సాయిబు గారు వంట మొదలుపెట్టే ముందు మిల్లు సామానంతా నేలమీద పరిపించాడు. డేగిశాలు, మూతలు, గరిటెలు, జల్లెడలు, వడ్డించే బకెట్లు. నేను వరసగా రాశాను. కింద ఆయన వేలిముద్ర వేశాడు, పక్కన నన్ను సంతకం పెట్టమన్నాడు. గుమాస్తా ఒక పక్కన నిలబడి చూశాడు.

నాలుగువందల పైచిలుకు మంది తిన్నారు. మామయ్య కూడా కుర్చీ వేయించుకుని అక్కడే కూర్చుని తిన్నాడు, రెండోసారి వడ్డించుకున్నాడు. పలావు బాగుందని సాయిబు గారికి వినపడేలా పక్కవాడితో అన్నాడు. ఆయన విన్నాడో లేదో తెలియదు. అప్పటికే గిన్నెలు కడిగించి మళ్ళీ నేలమీద వరసగా పరిపిస్తున్నాడు.

నన్ను పిలిచాడు. డేగిశాలు సరిపోయాయి, మూతలు సరిపోయాయి. గరిటెల దగ్గరికి వచ్చాను.

"ఎన్ని?"

"పద్దెనిమిది," అన్నాను. "సరిపోయాయి, సాయిబు గారూ."

"మళ్ళీ లెక్కపెట్టండి బాబూ."

నేను మళ్ళీ లెక్కపెట్టాను.